1.1కి 2.2 కలిపితే 3.3 రావడం లేదు, మిర్చి కొట్టు లెక్క తేలట్లేదు

చిట్టా_గుంటూరు:
అందరికీ నమస్కారం. మా నాన్నగారు గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమస్తా. ఇన్నాళ్లూ చిట్టా అంతా చేతి రాతే, సీజన్‌లో రాత్రి పదింటి దాకా కూడికలే. అది చూడలేక జావాలో ఒక చిన్న ప్రోగ్రాం రాశాను. టిక్కీల (మిర్చి బస్తాల) బరువు, తరుగు, క్వింటా రేటు కొడితే పట్టీ (రైతుకి ఇచ్చే లెక్క చీటీ) వస్తుంది.

నిన్న రెండు కాటాల తరుగు 1.1 కిలో, 2.2 కిలో. నాన్న చిట్టాలో మొత్తం 3.3 అని ఉంది, నేనూ అదే కొట్టాను. ప్రోగ్రాం రెండూ పోల్చి చూసి "తేడా ఉంది" అని ఎర్రగా చూపించింది. ప్రింట్ చేయిస్తే 3.3000000000000003! ఇంకో సంగతి, సీజన్ మొత్తం డబ్బుకి ఫ్లోట్ (దశాంశ సంఖ్యలు దాచే చిన్న రకం) పెట్టాను, లూప్‌లో ఒక్కో రూపాయి కలుపుతూ పరీక్షిస్తే 1,67,77,216 దగ్గర ఆగిపోయింది, ఆ తర్వాత ఎన్నిసార్లు 1 కలిపినా కదలదు. ఎర్రర్ కూడా ఇవ్వదు. నాన్నకి ఏమని చెప్పాలో తెలియక టెన్షన్‌గా ఉంది.

వన్‌టౌన్_కోడర్:
రౌండ్ చేసెయ్ తమ్ముడూ, రెండు స్థానాలకి. ఆ చివరి 3ని ఎవరు చూస్తారు?

పాఠం_బెజవాడ:
రౌండ్ చేస్తే కనపడకుండా పోతుంది అంతే, లోపల అలాగే ఉంటుంది. పైథాన్‌లో 2.675ని రెండు స్థానాలకి రౌండ్ చేసి చూడండి, 2.68 రాదు, 2.67 వస్తుంది. ఎందుకంటే మెమరీలో ఉన్నది 2.675 కానే కాదు, దానికి వెంట్రుకవాసి తక్కువైన ఇంకో సంఖ్య.

బాబూ, నువ్వు పాత రూపాయి లెక్క వినే ఉంటావు, లేకపోతే ఇంట్లో పెద్దవాళ్లని అడుగు. రూపాయిలో సగం అర్ధరూపాయి, అందులో సగం పావలా, అందులో సగం బేడ, అందులో సగం అణా. అంటే 0.5, 0.25, 0.125, 0.0625. కంప్యూటర్‌కి తెలిసిన భిన్నాలు ఇవే, సగంలో సగం, దానిలో సగం, అంతకు మించి దానికి వేరే చిల్లర లేదు. ముప్పావలా ఇస్తే పొల్లుపోకుండా దాచుకుంటుంది. 1957 ఏప్రిల్ 1న మనం రూపాయిని 100 నయా పైసలు చేసుకున్నాం కదా, చిక్కంతా ఆ పైసల దగ్గరే. పది పైసలు, అంటే 0.1, ఈ చిల్లరతో కట్టి చూడు. అణాకి అర అణా కలిపితే 0.09375, ఇంకా తక్కువే. 256వ వంతు కలిపితే 0.09765625. 512వ వంతు కూడా కలిపితే 0.099609375. ఇలా ఎంత దూరం పోయినా 0.1 దగ్గరికి వస్తుంది తప్ప దాన్ని తాకదు, మనకి 1/3 రాస్తే 0.333 అని తెగకుండా పోయినట్టే. ఎక్కడో ఒకచోట ఆపాలి కాబట్టి డబుల్ (ఫ్లోట్ కంటే పెద్ద రకం, నీ తరుగు ఉన్నది ఇందులోనే) 53 బిట్ల దగ్గర, అంటే 53 సున్నా-ఒకట్ల దగ్గర ఆపి, దగ్గరి విలువ పెట్టుకుంటుంది. 1.1, 2.2, 3.3 మూడూ అలా సర్దినవే. మొదటి రెండూ కలిపితే వచ్చిన దాన్ని మళ్లీ సర్దుతుంది, అది 3.3 కోసం సర్దిన దానితో కలవలేదు. నీ కూడిక తప్పు కాదు.

చిన్న తేడాకి ఏముందిలే అనుకోకండి. 1991 ఫిబ్రవరి 25న సౌదీలోని ధహ్రాన్‌లో పేట్రియట్ క్షిపణి వ్యవస్థ టైమ్‌ని సెకనులో పదో వంతుల్లో లెక్కపెడుతోంది. ఆ 0.1ని 24 బిట్లలో నరికి పెట్టారు. అది ఫ్లోటింగ్ పాయింట్ (మన ఫ్లోట్, డబుల్ పద్ధతి) కాదు గానీ రోగం ఇదే. 100 గంటలు ఆపకుండా నడిచేసరికి 0.34 సెకను తేడా వచ్చింది, వస్తున్న స్కడ్ క్షిపణిని అది ఎక్కడ ఉందో అక్కడ వెతకలేకపోయింది. 28 మంది సైనికులు చనిపోయారు.

చిట్టా_గుంటూరు:
మేడమ్, అణాలతో చెబితే ఒక్కసారిగా అర్థమైంది. మరి ఆ 1,67,77,216 సంగతేంటి? అందులో పైసలే లేవు కదా.

పాఠం_బెజవాడ:
దానికి ఫ్లోట్ లోపల ఎలా ఉంటుందో చూడాలి. ఒక టిక్కీ 41.5 కిలోలు అనుకో. రెండు ఆధారంగా రాస్తే 101001.1, చుక్కని ఐదు స్థానాలు ఎడమకి జరిపితే 1.010011, రెండు ఘాతం 5. ఫ్లోట్‌కి 32 బిట్లు. మొదటిది గుర్తు, ప్లస్ కాబట్టి 0. తర్వాత 8 బిట్లు ఘాతానికి, దానికి 127 కలిపి దాస్తారు, 5 కి 132, అంటే 10000100. మిగిలిన 23 బిట్లలో చుక్క తర్వాతి 010011, ఆపైన అన్నీ సున్నాలు. చుక్క ముందున్న 1 ఎప్పుడూ ఉంటుంది కాబట్టి దాన్ని రాయరు, ఒక బిట్ మిగులుతుంది, నాకు ఎంతో నచ్చే ఏర్పాటు ఇది. హెక్స్‌లో (పదహారు ఆధారంగా) రాస్తే 42260000, ఇంటెల్ మెషీన్ మెమరీలో చూస్తే బైట్లు తిరగబడి 00 00 26 42 అని కనిపిస్తుంది. ఈ పద్ధతి 1985 నాటి ఐట్రిపుల్ఈ 754 ప్రమాణం. దాని వెనక ముఖ్యుడు విలియమ్ కహాన్, 1989లో ట్యూరింగ్ అవార్డు వచ్చింది ఆయనకి.

రాయకుండా వదిలేసిన ఆ 1తో కలిపి ఉన్నవి 24 బిట్లే. రెండు ఘాతం 24 అంటే సరిగ్గా 1,67,77,216. అక్కడి నుంచి చోటు చాలక సరి సంఖ్యలే పడతాయి. 1 కలిపితే వచ్చే బేసి సంఖ్య రెండింటికి నట్టనడుమ ఉంటుంది, అలాంటప్పుడు చివరి బిట్ 0 ఉన్న వైపుకే సర్దుతుంది కాబట్టి వెనక్కి సర్దుకుంది. 1,67,77,218కి 1 కలిపి చూడు, ఈసారి ముందుకు సర్దుకుని 1,67,77,220 అవుతుంది.

గొల్లపూడి_బిల్లింగ్:
నేను హోల్‌సేల్ షాపులకి బిల్లింగ్ రాస్తాను, ఇదే గోతిలో నేనూ పడ్డాను కాబట్టి చెబుతున్నా. డబ్బు పైసల్లో, బరువు గ్రాముల్లో, అన్నీ పూర్ణాంకాలే పెట్టు తమ్ముడూ. నీ లెక్కలో ఒక సుఖం ఉంది, క్వింటా రేటు రూపాయల్లో ఎంతో, కిలో రేటు పైసల్లో అంతే. 18,500 రేటు, 41.1 కిలోలు అంటే 41,100ని 18,500తో గుణించి 1000తో భాగించు, 7,60,350 పైసలు, అంటే 7,603.50 రూపాయలు. కానీ ఇంట్ (32 బిట్ల పూర్ణాంకం) వద్దు, లాంగ్ (64 బిట్లది) వాడు. ఇలాంటివి మూడు టిక్కీలు కలిపేసరికే ఆ గుణకారం ఇంట్ హద్దు 2,14,74,83,647ని దాటి మైనస్‌లోకి పోతుంది.

ఇంకో జాగ్రత్త, కీబోర్డు నుంచి వచ్చిన అంకెని డబుల్‌గా చదవకు. 4.35ని డబుల్ చేసి 100తో గుణిస్తే 434.99999999999994, దాన్ని ఇంట్‌లోకి మారిస్తే 434, ఒక పైసా గల్లంతు. అక్షరాలుగానే బిగ్‌డెసిమల్‌కి (దశాంశాల్ని ఉన్నవి ఉన్నట్టే దాచే జావా రకం) ఇవ్వు. డేటాబేస్‌లో డెసిమల్ కాలమ్. అర పైసా వస్తే ఎటు వెయ్యాలో ఒక్కచోట రాసుకో, మీ నాన్నగారిని అడిగి.

వన్‌టౌన్_కోడర్:
2.675 చేసి చూశాను, నిజమే 2.67 వచ్చింది. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను, నా పాత కోడ్ కూడా చూసుకోవాలి.

చిట్టా_గుంటూరు:
అన్నీ లాంగ్‌లోకి మార్చాను. లూప్ 1,67,77,217 దాటి హాయిగా పోతోంది, 1.1, 2.2 కిలోలు 3,300 గ్రాములని సరిగ్గా చూపించింది. అర పైసా గురించి నాన్నని అడిగితే ఆలోచించకుండా "రైతు వైపు వెయ్" అన్నారు. అలాగే రాశాను.