విషజ్వరాల వార్త డాక్టరు చూశాకే అచ్చుకు పోవాలా?

నయీంనగర్ వాసి:
వానలు మొదలైతే చాలు, జిల్లా పేజీల నిండా ఒకటే మాట: విషజ్వరాలు. మంచం పట్టిన తండా, పడకలు చాలని వరంగల్ ఎంజీఎం సర్కారు దవాఖాన, ఓ మూలకు ప్లేట్‌లెట్లు పడిపోయి ఒకరి మృతి. అది ఏ జ్వరమో, ఎవరు తేల్చిన్రో వార్తలో ఎక్కడా ఉండదు. అది చదివి మామూలు జ్వరమొచ్చినోళ్లు కూడా అప్పు చేసి హన్మకొండ ప్రైవేటు ఆసుపత్రులకు ఉరుకుతున్నరు. నేననేదేమంటే, ఆరోగ్య వార్త ఏదైనా ఒక డాక్టరు చూసి సరే అన్నాకే వెయ్యాలె. కాకతీయ మెడికల్ కాలేజీ మన ఊళ్లనే ఉన్నది, కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయమూ ఇక్కడనే ఉన్నది. చూసిపెట్టే డాక్టర్లకు కరువా?

ములుగు విలేకరి:
అన్నా, ఆ పని మాత్రం వద్దు. ఏటూరునాగారం అవతల ఏదన్నా గూడెంలో ఇంటింటా జ్వరాలున్నా, పైకి పోయే రిపోర్టులో ‘పరిస్థితి అదుపులో ఉంది’ అనే ఉంటది. ఫొటోతో వార్త పడ్డంకనే మెడికల్ క్యాంపు వస్తది. ఆ వార్తను ముందుగా ఆ శాఖ డాక్టరుకే చూపియ్యమంటే అది అక్కడ్నే ఆగిపోతది. ప్రైవేటు డాక్టరుకు చూపిద్దామంటే, జ్వరం భయం పెరిగితే నిండేది ఆయన పడకలే. ఎవరి సంతకం నమ్మాలె?

ల్యాబ్ టెక్నీషియన్, నర్సంపేట:
ఇద్దరూ డాక్టరు దగ్గర్నే ఆగిపోయిన్రు. అసలు తిప్పలు పరీక్ష దగ్గరున్నది. నిమిషాల్లో ఫలితం చూపే రాపిడ్ కిట్ మీద గీత పడంగనే ‘డెంగీ పాజిటివ్’ అని కాగితం ఇస్తరు. జాతీయ మార్గదర్శకాల ప్రకారం దాన్ని నిర్ధారణ కింద లెక్కెయ్యరు. ల్యాబుల చేసే ఎలైజా రక్త పరీక్ష చెయ్యాలె. జ్వరమొచ్చిన మొదటి 5 రోజుల్లో అయితే వైరస్ ప్రోటీన్‌ను పట్టే ఎన్‌ఎస్1, ఆ తర్వాత ఒంట్లో పుట్టిన యాంటీబాడీలను పట్టే ఐజీఎం. అందుకే ప్రైవేటు ఆసుపత్రి లెక్క, జిల్లా వైద్యాధికారి లెక్క ఎన్నడూ కలవవు. ఒక పేపరు మొదటి లెక్క పట్టుకొని ‘కేసులు దాస్తున్నరు’ అంటది, ఇంకోటి రెండోది పట్టుకొని ‘డెంగీ లేనే లేదు’ అంటది. రెండు లెక్కలూ వేరే వేరే పరీక్షలవి అని ఒక్క వాక్యం రాస్తే సగం లొల్లి తగ్గుతది. ఇంకోటి, ఎలైజా శాంపిళ్లు జమ చేసి ఒక్కసారే పెడతరు కాబట్టి ఫలితం ఆలస్యమైతది. ఆ లోపల ‘కేసులు సున్నా’ అని రాస్తే అదీ తప్పే. వీటికి డాక్టరు సంతకం అక్కర్లేదు. ‘ఏ పరీక్షల తేలింది?’ అని విలేకరి అడగాలె, అంతే.

జమ్మికుంట రైతు:
బొప్పాయి ఆకు రసంతోని ప్లేట్‌లెట్లు పెరుగుతయని పేపర్ల చదివి మా వాడకట్టుల చాలామంది తాగిన్రు, బాగైన్రు. డాక్టర్ల చేతుల పెడితే గిసొంటి వార్తలు రానిస్తరా?

స్టాఫ్ నర్సు:
బాబాయ్, డెంగీ చాలామందికి ఏ రసం తాగకున్నా తగ్గుతది. ప్లేట్‌లెట్లు కూడా వాటంతటవే పెరుగుతయి. ఆకు రసంతో అవి కొంత పెరిగినయని చిన్న చిన్న అధ్యయనాలున్నయి, కాదనను. ప్రాణాపాయం తప్పిస్తదని మాత్రం తేలలేదు. ‘తేలలేదు’ అన్న ముక్క వార్తలో ఉండదు, నా బాధ అదే.

ప్లేట్‌లెట్ల అంకెను హెడ్డింగులో పెట్టుడు ముందు ఆపాలె. రక్తస్రావం లేకుంటే సాధారణంగా 10 వేల కంటే కిందికి పోతేనే ఎక్కిస్తరు. 60 వేలున్న పిల్లగాని తండ్రి బ్లడ్ బ్యాంకుల చుట్టూ తిరుగుతుంటే చూడలేం. అసలు గండం జ్వరం దిగేటప్పుడు ఉంటది. రక్తనాళాల్లోంచి ద్రవం బయటికి పోయి బీపీ పడిపోతది. ఇంటోళ్లేమో ‘జ్వరం తగ్గింది గదా’ అని ధైర్యంగా ఉంటరు. విడువని కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మత్తుగా పడి ఉండుడు: వీటిలో ఏది కనబడ్డా వెంటనే ఆసుపత్రికి తీసుకపోవాలె. ఒక్క వార్త కిందనన్నా ఇది పెట్టెకట్టి వేసిన్రా?

మాజీ సబ్ ఎడిటర్:
పెట్టెకట్టడానికి జాగా ఉంటది, అమ్మా. ‘అరుదైన శస్త్రచికిత్స’ వార్తకు దొరికే జాగాలో సగం చాలు. ప్రెస్‌మీట్ పెట్టి ఆసుపత్రి వాళ్లు చేతికిచ్చిన కాగితమే మర్నాడు వార్త అవుతుంది. ఖర్చెంత, వేరే మార్గం ఉందా, రోగి ఆర్నెల్ల తర్వాత ఎట్లున్నాడు, ఎవరూ అడగరు. 2014లో బ్రిటన్‌లోని కార్డిఫ్ విశ్వవిద్యాలయం వాళ్లు ఆరోగ్య పరిశోధనల మీద పత్రికలకిచ్చిన 462 ప్రకటనలను (ప్రెస్ నోట్లను) వాటి మూల పరిశోధనలతో, వాటి మీద వచ్చిన వార్తలతో పోల్చి చూశారు. జనానికి ఇచ్చే సలహాను పెంచి చెప్పినవి 40 శాతం. అవి విశ్వవిద్యాలయాలు స్వయంగా విడుదల చేసినవి. ప్రకటనలో పెంచి చెబితే వార్తలోనూ అదే ఎక్కువగా కనిపించింది. కాబట్టి తెల్లకోటు సంతకం ఉంటే వార్త నిజమైపోతుందని నేను ఒప్పుకోను. ఆ సంతకం పెట్టేవాళ్లే ఆ కాగితమూ రాస్తారు.

నయీంనగర్ వాసి:
సార్, ఆసుపత్రి డాక్టరు వద్దంటే కాలేజీల పాఠం చెప్పే ప్రొఫెసర్‌ను పెట్టుండ్రి. వార్తతో ఆయనకు లాభం లేదు. అడిగేటోడు లేకుంటే విలేకరి ప్రతి ఏడూ ఇదే రాస్తడు. నా మాట మీద నేనున్న.

ములుగు విలేకరి:
అన్నా, నాకు జీతం లేదు. యాడ్లు తెస్తేనే కమీషన్, సాయంత్రం లోపల వార్త పోవాలె. ప్రొఫెసర్ ఫోన్ ఎత్తేదాక ఆగుడు నాతోని కాదు. నర్సంపేట తమ్ముడు చెప్పిన పరీక్ష పేరు, అక్క చెప్పిన లక్షణాలు మాత్రం రాస్త. కాకపోతే జాగా లేదని వార్తలు దిద్దే డెస్కుల మొదలు కొట్టేసేది అసొంటి వాక్యాలనే.

మాజీ సబ్ ఎడిటర్:
జాగా చాలకపోతే డెస్క్ కింది నుంచి కోస్తుంది. పరీక్ష పేరును మొదటి పేరాలో, కేసుల సంఖ్య ఉన్న వాక్యంలోనే పెట్టు, తమ్మీ. అంకె ఉంచాలంటే అదీ ఉంచక తప్పదు.