1974లో విల్లీ బ్రాంట్ రాజీనామా చేయాల్సిందేనా?

మొదటి పోస్ట్:
పశ్చిమ జర్మనీ ఛాన్సలర్ (ప్రభుత్వాధినేత) విల్లీ బ్రాంట్ దగ్గర సహాయకుడిగా పనిచేసిన గ్యూంటర్ గియోమ్ తూర్పు జర్మనీ గూఢచారి అని తేలింది. 1974 ఏప్రిల్ 24న అతణ్ణి అరెస్టు చేశారు. మే 6న బ్రాంట్ రాజీనామా రాసిచ్చేశారు. ఆ పదవికే గౌరవం తెచ్చిన పని అని చాలామంది అంటారు. నాకు మాత్రం ఒకరి తప్పుకు ఇంకొకరు బలైనట్టు కనిపిస్తుంది.

గియోమ్ మీద అనుమానం ఉందని హోంమంత్రి గెన్షర్ 1973 మేలోనే బ్రాంట్ చెవిన వేశారు. ఆధారాలు చాలవు, మనిషిని కదపొద్దు, మేం కనిపెట్టి చూస్తాం అన్నది గూఢచార శాఖ సలహా. బ్రాంట్ విన్నారు. ఏడాది తిరిగేసరికి విన్న మనిషి ఇంటికి పోయారు, గెన్షర్ మాత్రం బ్రాంట్ తర్వాత ఛాన్సలర్ అయిన ష్మిట్ ప్రభుత్వంలో విదేశాంగ మంత్రి, వైస్ ఛాన్సలర్ అయ్యారు. ఇదెక్కడి న్యాయం?

జవాబు:
మీరు హామర్ సంగతి వదిలేశారండీ. 1973 వేసవిలో బ్రాంట్ నార్వేలోని హామర్‌కు సెలవులకు వెళ్తూ గియోమ్‌ను వెంటబెట్టుకెళ్లారు. అప్పటికే అనుమానం సంగతి తెలుసు. రాజధాని బాన్ నుంచి టెలిప్రింటర్‌లో వచ్చిన కాగితాలు, రహస్యమైనవి కూడా, ముందు గియోమ్ చేతిలో పడి తర్వాత బ్రాంట్ చేతికి చేరేవి. కదపొద్దంటే రహస్యాలు మోయించమని కాదు కదా! దేశాధ్యక్షుడు హైనమన్‌కు రాసిన ఉత్తరంలో, గియోమ్ వ్యవహారంలో జరిగిన అజాగ్రత్తకు రాజకీయ బాధ్యత తనదేనని బ్రాంటే రాశారు.

మొదటి పోస్ట్ రాసినవారు:
హామర్ తప్పే, కాదనను. మరి కనిపెట్టి చూస్తామన్నవాళ్లు అక్కడ ఏం చూసినట్టు? ఏడాది వెంటపడ్డా గట్టి ఆధారం దొరకలేదు. చివరికి తలుపు తట్టిన పోలీసుల ముందు గియోమే తాను తూర్పు జర్మనీ పౌరుణ్ణి, అధికారినని నోరు జారాడు.

పైగా అసలు దెబ్బ గూఢచారిది కాదు. బ్రాంట్‌కు ఆడవాళ్లతో ఉన్న సంబంధాల గురించి అంగరక్షకులను ప్రశ్నించి కూడబెట్టిన సమాచారం, దాంతో బ్లాక్‌మెయిల్ చేస్తారేమోనన్న భయం ఆయన్ను కుంగదీశాయి. సొంత పార్టీ (సోషల్ డెమోక్రాట్లు) నేత వేనర్ అంతకుముందు ఏడాదే మాస్కోలో విలేకరుల ముందు ఆయన్ను చులకన చేశాడు. పార్టీ పెద్దలు బాడ్ మ్యూన్‌స్టరైఫెల్ అనే ఊళ్లో కూర్చున్నప్పుడు ష్మిట్ రాజీనామా వద్దని వాదించినా, వేనర్ ఉండమని పట్టుబట్టలేదు. 1972 ఎన్నికల్లో పార్టీకి 45.8 శాతం ఓట్లు తెచ్చిపెట్టిన మనిషికి దక్కింది అదీ!

1933లోనే నాజీల నుంచి తప్పించుకుని నార్వే చేరినవాడు బ్రాంట్. నాజీల పాపంలో ఆయనకు వాటా లేదు. అయినా 1970లో వార్సాలో, యూదుల తిరుగుబాటు స్మారకం ముందు మోకాళ్ల మీద కూలబడ్డారు. అలాంటి మనిషి నెత్తిన ఇంకొకరి తప్పు పెట్టడం చాలా తేలిక. నన్ను బాధించేది అదే.

జవాబు:
వార్సా గురించి మీతో నూటికి నూరుపాళ్లు ఏకీభవిస్తాను. కానీ కుర్చీ పట్టుకుని వేలాడి ఉంటే ఆ సమాచారం వారానికో ముక్క పేపర్లకెక్కేది, తూర్పు జర్మనీ, ఇతర కమ్యూనిస్టు దేశాలతో సఖ్యత కోసం ఆయన కట్టిన తూర్పు విధానం కూడా బురదలో పడేది. దిగిపోయారు కాబట్టే 1987 దాకా పార్టీ అధ్యక్షుడిగా నిలిచారు. ఆ తూర్పు విధానం దారీ మూసుకుపోలేదు. 1975లో హెల్సింకీలో ష్మిట్, తూర్పు జర్మనీ నేత హోనెకర్ పక్కపక్కనే కూర్చుని యూరప్ భద్రత, సహకారాల ఒప్పందం మీద సంతకాలు పెట్టారు.