అప్‌డేట్: పలాస జీడి డ్రయ్యర్ బర్నర్ మంట ఇప్పుడు ఆరిపోవడం లేదు

మా జీడిపప్పు యూనిట్‌లో గ్యాస్ హాట్ ఎయిర్ బర్నర్ అంటుకుని, వెంటనే ట్రిప్ అయి ఆగిపోతోందని ఇంతకుముందు అడిగాను కదా. చాలామంది గ్యాస్ ప్రెషర్ చూడమన్నారు. అది బాగానే ఉంది. తంటా అంతా వైరింగ్‌లోనే. ఫేజు, న్యూట్రల్ తారుమారు, పైగా ఎర్త్ వైరు పెయింటు మీదే బిగించేశారు! మంట గుండా ఎర్త్‌కి పారే మైక్రోఆంపుల (అతి కొద్ది) కరెంటు అందితేనే బర్నర్‌ని నడిపే కంట్రోలర్ మంట ఉందనుకుంటుంది, లేకపోతే గ్యాస్ మూసేస్తుంది. మెయిన్ ఆపి, పెయింటు గీకించి, వైర్లు సరిచేయించాక గంటల తరబడి మండుతోంది.

పనిలో పనిగా జాయింట్లకి సబ్బునీళ్లు పూస్తే రెగ్యులేటర్ తర్వాతి యూనియన్ (పైపుల్ని కలిపే జాయింటు) దగ్గర సన్నగా బుడగలు. సిలిండర్ల వాల్వులు మూసేసి అదీ బిగించారు. సీలింగుకి పెట్టిన లీక్ డిటెక్టర్‌ని నేలకి జానెడు ఎత్తుకి దించాం, ఎల్పీజీ గాలికన్నా బరువు కదా. బ్లోయర్ గాలి వస్తోందో లేదో చూసే ఎయిర్ ప్రెషర్ స్విచ్‌కి, అది పనిచేయకుండా ఎవరో వేసిన జంపర్ వైరు కూడా పీకించా. ఇప్పుడు బ్లోయర్ ఆగితే గ్యాసూ ఆగుతోంది.