హీరోక్వెస్ట్ ఆడేవాళ్లం డంజన్స్ అండ్ డ్రాగన్స్‌కి మారాలా?

ప్రశ్న

మేం నలుగురం వారానికో సాయంత్రం కూర్చుని హీరోక్వెస్ట్ అనే బోర్డ్ గేమ్ ఆడతాం. పెట్టెలో వచ్చిన 14 క్వెస్టులూ (సాహసాలు) అయిపోవచ్చాయి. జార్గన్‌గా ఎప్పుడూ నేనే, అంటే రాక్షసులందరినీ నడిపేది నేనే. ఇప్పుడు మాలో ఒకరు డంజన్స్ అండ్ డ్రాగన్స్ (మాటలతో కథ నడిపించే రోల్ ప్లేయింగ్ గేమ్) మొదలుపెడదాం అని ఒకటే పట్టు. రూల్ బుక్ తిరగేశాను. ఇక్కడున్న బార్బేరియన్, మంత్రగాడు, ఓర్కులనే రాక్షసులు, నిధులు అక్కడా ఉన్నాయి. జార్గన్ బదులు ఆట నడిపే డంజన్ మాస్టర్ (డీఎం) ఉన్నాడు. గళ్ల మీద బొమ్మలు జరపడం కూడా ఉంది. మరి 300 పైచిలుకు పేజీలు చదివితే కొత్తగా మాకు దొరికేదేంటి? ఇంకాస్త పెద్ద బోర్డ్ గేమ్ తెచ్చుకుంటే సరిపోదా? రెండూ బాగా ఆడినవాళ్లు చెప్పండి.

జవాబు

బొమ్మలూ పేర్లూ చూస్తే తేడా తెలీదండి. ఒక ఓర్కు ఎదురుపడినప్పుడు తెలుస్తుంది.

హీరోక్వెస్ట్‌లో దారికి అడ్డంగా ఓర్కు నిలబడ్డాడనుకోండి. మీ వంతులో జరగడం పోను ఆరు పనుల్లో ఒకటి చేయొచ్చు: దాడి, మంత్రం, నిధి వెతకడం, రహస్య ద్వారాలు వెతకడం, ఉచ్చులు వెతకడం, దొరికిన ఉచ్చును తీసేయడం. వాడితో మాట్లాడాలనిపిస్తే అందుకు రూల్ లేదు.

నేను డీఎంగా నడిపే గ్రూపులో ఇలాగే గుహ ముందు కాపలా ఓర్కు ఒకడు ఎదురయ్యాడు. అందరూ డైస్ చేతిలోకి తీసుకున్నారు. దొంగ క్యారెక్టర్ ఆడే అమ్మాయి మాత్రం "ఆగండాగండి, వీడి బూట్లు ఎలా ఉన్నాయి?" అంది. నా నోట్స్‌లో బూట్ల ఊసే లేదు. అరిగిపోయాయి, ఒకదాని అడుగు ఊడిపోతే తాడుతో కట్టుకున్నాడు అన్నాను. "అయితే వాడి దగ్గరికెళ్లి, నీకు జీతమిచ్చి ఎన్నాళ్లయిందిరా అని అడుగుతా" అంది. కష్టమే గానీ జరగనిదేం కాదనిపించి, కనీసం 15 రావాలన్నాను. 20 ముఖాల డైస్ వేస్తే 13 పడింది. ఒప్పించే నేర్పుకి ఆమె క్యారెక్టర్‌కి 4 కలుస్తుంది, మొత్తం 17. ఓర్కు కత్తి దించేసి తన నాయకుడి మీద చాడీలు చెప్పడం మొదలుపెట్టాడు. గుహ వెనక దారి చూపించింది వాడే. ఆ తర్వాత క్యాంపెయిన్ (వారాల తరబడి సాగే కథ) అంతా వాళ్ల వెంటే తిరిగాడు. నేను రాసుకున్న దాని ప్రకారం అయితే మొదటి పోట్లాటలోనే చచ్చిపోవాల్సినవాడు!

"ఇలా చేయొచ్చా?" అని అడిగితే బోర్డ్ గేమ్‌లో రూల్ బుక్ జవాబు చెప్తుంది. ఇక్కడ మీ ఎదురుగా కూర్చున్న మనిషి చెప్తాడు. నా దృష్టిలో అసలు తేడా ఇదొక్కటే, మిగతావన్నీ దీన్నుంచి వచ్చినవే.

మీరు జార్గన్‌గా ఆడుతున్నారు కాబట్టి ఇంకో మాట. జార్గన్ హీరోలకు ప్రత్యర్థి, వాళ్లని ఓడించాలనే చూస్తాడు. డీఎంకి గెలుపంటూ ఉండదు. ఎప్పుడు కావాలంటే అప్పుడు డ్రాగన్‌ని దించగలిగినవాడికి గెలవడంలో ఏముంది? వాళ్లు ఎదురుచూడని ఎత్తు వేసి గట్టెక్కితే అందరికంటే మీకే ఎక్కువ సంతోషం కలగాలి. ఆ సంతోషం మీకు నచ్చేదైతే ఇంకేం ఆలోచించకండి, మొదలుపెట్టేయండి.

కాకపోతే ఆ కుర్చీ బరువు మామూలుగా ఉండదు. ఈ సమస్య ఇవాళ్టిది కూడా కాదు. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి 1974లో ఈ ఆటని తెచ్చారు కదా, అంతకుముందే ఆర్నెసన్ గ్రూపులో ఆడిన డేవిడ్ మెగారీ రిఫరీ (అంటే డీఎం) అక్కర్లేని బోర్డ్ గేమ్ ఒకటి తయారుచేసుకున్నాడు. అదే 1975లో "డంజన్!" పేరుతో మార్కెట్లోకి వచ్చింది. అంటే ఈ రెండు దారులూ ఒకే టేబుల్ దగ్గర విడిపోయాయి.

ఇంకొకరి జవాబు

ఓర్కు కథ చాలా బాగుంది. కానీ చేయగలిగే పనులు తక్కువైతే ఆటలో లోతు తక్కువ అనుకోవద్దు. గ్లూమ్‌హేవెన్ చూడండి (ఐజాక్ చిల్డ్రెస్ చేసిన బోర్డ్ గేమ్, 2017లో వచ్చింది, 95 సినారియోలు, అంటే విడివిడి సాహసాలు). డీఎం లేడు, రాక్షసులు ఎలా కదలాలో వాటి కార్డులే చెప్తాయి. కాబట్టి మీ నలుగురూ హీరోలే.

ప్రతి రౌండ్‌లో రెండు కార్డులు తీస్తారు. ఒకదాని పైభాగం, రెండోదాని కింది భాగం వాడతారు. కార్డులు అయిపోతే మీ క్యారెక్టర్ సొమ్మసిల్లినట్టే, ఆ సినారియోలో ఇక లేనట్టే. చివరి గది తలుపు తెరిచేసరికి చేతిలో నాలుగే కార్డులున్నాయనుకోండి. పెద్ద దెబ్బ ఇప్పుడే కొడితే ఆ కార్డు మళ్లీ రాదు. దాచుకుంటే పక్కవాడు ఈ రౌండ్‌లోనే పడిపోవచ్చు. పోనీ ఇద్దరూ కూడబలుక్కుందామా అంటే కార్డు మీది అంకెలు పైకి చెప్పకూడదని రూల్. "నేను కాస్త ముందే వెళ్తా" అనొచ్చు, "నాది 15" అనకూడదు. ఆ టెన్షన్ నాకు ఇంకే ఆటలోనూ దొరకలేదు.

పైగా గెలిస్తే అది మన గెలుపే. డీఎం జాలిపడి డ్రాగన్ దెబ్బ తగ్గించాడేమో అన్న అనుమానం ఉండదు. నాకు ఇది చాలా పెద్ద విషయం.

పెద్ద పెట్టె చూసి భయమేస్తే దీని చిన్న వెర్షన్ జాస్ ఆఫ్ ద లయన్‌తో మొదలుపెట్టండి. 25 సినారియోలు. మొదటి ఐదూ ఆడిస్తూనే రూల్స్ నేర్పుతాయి. మ్యాపులు పుస్తకంలోనే ఉంటాయి, పలకలు పేర్చే పని లేదు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ థ్యాంక్స్. ఓర్కు సంగతి చదివాక మనసు అటే లాగుతోంది. రెండు సందేహాలు. మాలో ఒకతను అసలు మాట్లాడడు, నటించాలంటే రానే రానంటాడేమో. రెండోది, నాకూ ఒక్కసారైనా హీరోగా ఆడాలనుంది.

మొదటి జవాబు ఇచ్చినవారు

నటించక్కర్లేదు. గొంతు మార్చక్కర్లేదు. "నా మంత్రగాడు తలుపుకి చెవి ఆనించి వింటాడు" అంటే చాలు, అది పూర్తి ఆటే. మాట్లాడనివాళ్లని "ఇప్పుడేం చేస్తావ్?" అని అందరి ముందూ నిలదీయకండి, బిగుసుకుపోతారు. చిన్న ప్రశ్న వేయండి: "ఈ తలుపు మీద ఏదో చెక్కి ఉంది, ఏంటది?" అతను పాము అంటే ఇక అది పామే, మీ నోట్స్‌లో ఏమున్నా సరే. నేను చూసినంతలో, తను చెప్పిన పాము కథలో నిలబడిపోయాక ఆ మనిషి ముందుకి జరిగి కూర్చుంటాడు.

హీరోగా ఆడాలంటే ఇప్పటికిప్పుడు హీరోక్వెస్ట్‌లోనే దారుంది. మీది 2021 ఎడిషన్ అయితే దాని ఉచిత యాప్ జార్గన్ పని చూసుకుంటుంది. డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో అయితే చిన్న కథలు తీసుకుని, ఒక్కో కథకీ డీఎం మారండి. ముందే అడిగేయండి: మీ తర్వాత ఆ కుర్చీలో కూర్చునేది ఎవరు? మారదాం అని పట్టుబట్టిన ఆయనే అయితే ఇంకా మంచిది. ఎవరూ ముందుకు రాకపోతే మాత్రం గ్లూమ్‌హేవెన్ అన్న సలహానే సరైనది, నేనూ అదే చెప్తాను. మనసు లేకుండా డీఎం చేసేవాళ్ల దగ్గర ఆట నాలుగు వారాలు కూడా నిలబడదు.

300 పేజీలూ చదవకండి. బేసిక్ రూల్స్ నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి, స్టార్టర్ సెట్లలో క్యారెక్టర్లు ముందే తయారుచేసి ఉంటాయి. హీరోక్వెస్ట్ బొమ్మలు, తలుపులు, అల్మారాలు అలాగే వాడుకోవచ్చు. ఇక్కడ ఒక గడి అంటే 5 అడుగులు. ఎక్కువమంది క్యారెక్టర్ల వేగం 30 అడుగులు, అంటే వంతుకి 6 గళ్లు. ఎంత దూరం జరగాలో డైస్ వేసి చూసుకునే పని ఉండదు.