శరత్తు ఆకురాలు కాలమేనా?

వృద్ధాప్యాన్ని గురించిన ఒక అనువాద కవితలో ‘జీవన శరత్తు’ అని వాడవచ్చునా అని నిన్న ఒక సభ్యులు అడిగారు. వ్యాకరణం అడ్డు చెప్పదు. కానీ ఆ మాట వినగానే తెలుగు పాఠకుడికి ఎండుటాకు బదులు వెన్నెల గుర్తుకు వస్తుంది. చిక్కంతా అక్కడే ఉంది.

ఆకులు రాలే ఋతువుకు ఇంగ్లీషువారు పెట్టుకున్న ‘ఆటమ్’ (autumn) అంటే శరత్తు అని బడిలో వల్లె వేసినవాళ్లమే అందరమూ. మన పంచాంగంలో ఆశ్వయుజ, కార్తీకాలు శరత్తు. ఆకులు రాలేది మాఘ, ఫాల్గుణాల శిశిరంలో. ఈ హైదరాబాదులోనే చూడండి: నైరుతి ఋతుపవనాలు వెనుదిరిగే ఆ రోజుల్లో వానలకు దుమ్మంతా కడుక్కుపోయి ఆకాశం తేటపడుతుంది, బతుకమ్మకని తంగేడు, గునుగు కట్టలు కట్టలుగా బజారులో దిగుతాయి, తోపుడుబండ్ల మీద సీతాఫలాలు కళ్లు విప్పుతాయి. మా వీధి మలుపులోని బాదంచెట్టు అప్పటికి నిండు పచ్చగానే ఉంటుంది. అది ఎర్రబారి, అరచేతికంటె పెద్ద ఆకులను ఆగి ఉన్న కార్ల మీద పరచడం సంక్రాంతి దాటాకనే.

కవులకూ శరత్తు వెలుగే. నన్నయ చివరి పద్యమని సంప్రదాయం చెప్పే ‘శారదరాత్రులు’ పద్యం ఆంధ్ర మహాభారతంలో అరణ్యపర్వం నాలుగో ఆశ్వాసంలోనిది. అందులో చుక్కల హారాలు, కలువల వాసన మోసే గాలి, కర్పూరపు పొడిలా రాలే వెన్నెల తప్ప రాలే ఆకు ఒక్కటీ లేదు. సుమారు మూడు శతాబ్దాల తరువాత ఎఱ్ఱన అక్కడినుంచే అందుకుంటూ, మబ్బుల తెర తొలగిన శరత్కాలపు ఉదయాలను వర్ణించాడు. ఒకరు రాత్రితో ఆపిన చోట మరొకరు తెల్లవారడంతో మొదలుపెట్టడం యాదృచ్ఛికమని నేను ఎన్నడూ అనుకోలేకపోయాను.

పైగా సంస్కృతంలో శరత్తుకు సంవత్సరమనే అర్థం కూడా ఉంది. సంస్కృత నిఘంటువు అమరకోశం దానిని వత్సర, హాయన శబ్దాల సరసన చేర్చింది. సంధ్యావందనంలో ‘జీవేమ శరదశ్శతం’ అని కోరుకునేది నూరేళ్ల ఆయువునే కనుక, అదే మాటను ఆయువు తరిగే దశకు పెట్టడం నాకు ఎబ్బెట్టుగా తోస్తుంది.

మరి వృద్ధాప్యానికి మన మాట ఏది? ‘పండుటాకు’ ఉండనే ఉంది. చిగురుటాకులో వచ్చిన టుగాగమమే, అంటే రెండు మాటల నడుమ ‘ట’కారం చేరడమే, ఇందులోనూ వచ్చింది. ఆకు పుట్టుకకూ ముగింపుకూ ఒకే ఆగమం కలిసింది. అంతకన్నా విశేషం ‘పండు’ అనే క్రియ. చేను పండుతుంది, కాయ పండుతుంది, గోరింట పెట్టుకున్న చెయ్యి పండుతుంది, నోము పండుతుంది, తల పండుతుంది, ఆకూ పండుతుంది. రాలబోయే ఆకును ఎండిందని అనకుండా పండిందని అన్న జాతి మనది. పండుటాకును చూసి పచ్చాకు నవ్విందన్న సామెతలోనూ ఎగతాళి పచ్చాకు మీదనే.

అందుచేత, మూలకవి ఉద్దేశం క్షీణతే అయితే ‘జీవన శిశిరం’ సరిపోతుంది. నిండుదనమే అయితే శిశిరమూ వద్దు, శరత్తూ వద్దు, పండుటాకును ఆ పంక్తిలోకి తీసుకురావచ్చు. అడిగిన వారు ముందువెనుక పాదాలు కూడా ఇక్కడ పెడితే, రెండింటిలో ఏది నప్పుతుందో చూద్దాం.