మ్యూనిక్ అద్దె ఇంట్లో 75 అంగుళాల టీవీయా, ప్రొజెక్టరా?

మ్యూనిక్, కొత్తగా వచ్చినవాణ్ణి:

అందరికీ నమస్కారం. సెప్టెంబరులో హైదరాబాదు నుంచి వచ్చాం. నేను, నా భార్య, ఐదేళ్ల పాప. ఇప్పటిదాకా ల్యాప్‌టాప్ ముందు ముగ్గురం తలలు ఆనించుకుని సినిమాలు చూస్తున్నాం. ఇక పెద్ద తెర కొనాలని ఉంది. హాలు పొడవు 5.2 మీటర్లు, వెడల్పు 3.6. సోఫాలో కూర్చుంటే ఎదుటి గోడ 2.7 మీటర్ల దూరంలో ఉంటుంది. పడమటి వైపు నిలువెత్తు కిటికీ, బాల్కనీ తలుపు. 1,200 యూరోల దాకా పెట్టగలను. 75 అంగుళాల టీవీ తీసుకోవాలా, ప్రొజెక్టర్ కొని గోడమీద 120 అంగుళాల బొమ్మ వేసుకోవాలా? మే నెలలో గుంటూరు నుంచి అమ్మానాన్నలు వస్తున్నారు. నాన్నగారికి తెల్లవారగానే తెలుగు వార్తలు ఉండాలి. టీవీని గోడకు బిగించడం గురించి కూడా ఎవరైనా చెప్పగలరా?

స్టట్‌గార్ట్, 2006 నుంచి:

బాబూ, తెర సంగతి తరవాత చూద్దాం, ముందు ప్రసార రుసుము గురించి తెలుసుకోండి. నేను వచ్చిన ఏడాదే ఒకాయన మా తలుపు తట్టి టీవీ ఉందా, రేడియో ఉందా అని అడిగి రాసుకుని వెళ్లాడు. టీవీ ఉంటేనే పూర్తి రుసుము. ప్రొజెక్టర్‌లో ట్యూనర్ ఉండదు, యాంటెన్నా తగిలించే చోటే ఉండదు, కాబట్టి అది టీవీ లెక్కలోకి రాదు. ఏడాదికి రెండు వందల యూరోల పైన మిగులుతుంది. నా మాట విని ప్రొజెక్టర్ తీసుకోండి.

ఫ్రాంక్‌ఫర్ట్:

స్టట్‌గార్ట్ అన్నగారూ, మీరు చెప్పినది 2012 చివరిదాకా ఉన్న పద్ధతి. 2013 జనవరి నుంచి ఆ రుసుము పరికరానికి కాదు, ఇంటికి. టీవీ ఉన్నా లేకున్నా కట్టవలసిందే. 2021 ఆగస్టు నుంచి అది ఇంటికి నెలకు 18.36 యూరోలు, మూడు నెలలకు 55.08. ఊరి పాలక కార్యాలయంలో చిరునామా నమోదు చేయించుకున్నాక కొన్ని వారాలకు ఉత్తరం దానంతట అదే వస్తుంది. మా ఇంట్లో దాన్ని ఏదో ప్రకటన కాగితమనుకుని పారేశాం, తరవాత ఏడాది బకాయి ఒక్కసారిగా కట్టాం. నలుగురు కలిసి ఒకే ఇంట్లో ఉంటే ఒక్కరు కడితే చాలు, మిగిలినవాళ్లు ఆ కట్టేవారి రుసుము ఖాతా నంబరు రాసి పంపాలి. కాబట్టి తమ్ముడూ, రుసుము తప్పుతుందని ప్రొజెక్టర్ కొనకండి. ఆ ఉత్తరం మీకు ఇప్పటికే వచ్చి ఉంటుంది, కాగితాల్లో వెతకండి.

న్యూరెంబర్గ్:

గోడ మాట ఎత్తారు కనుక నాకు జరిగింది చెబుతాను. కాస్త పొడుగే, అయినా ఓపికగా చదవండి, మీ డబ్బు నిలుస్తుంది.

2017లో మేము వందేళ్లు దాటిన పాత ఇంట్లో ఉండేవాళ్లం. ఎత్తయిన కప్పు, చెక్క నేల, ఎంతో ఇష్టపడి తీసుకున్న ఇల్లు. 65 అంగుళాల టీవీ కొన్నాం. ఒక శనివారం మధ్యాహ్నం స్నేహితుడి దగ్గర డ్రిల్లింగ్ మిషను అడిగి తెచ్చి గోడకు పెట్టాను. మొదటి రంధ్రానికే ప్లాస్టరు పిండిలా రాలింది. లోపల ఇటుక తగలలేదు, మెత్తగా గడ్డిలాంటిది తగిలింది. కొన్ని పాత గోడలకు ప్లాస్టరు నిలవడానికి రెల్లు కట్టి పైన పూసేవారని నాకు తరవాత తెలిసింది. పక్కన ఒకటి, పైన ఒకటి అంటూ ఆరు రంధ్రాలు వేస్తే రెండిట్లోనే స్క్రూ పట్టింది. మధ్యలో పిడికిలి దూరేంత గుంట పడింది. పుట్టీ పెట్టి పూడ్చి, తెల్లరంగు కొని పూశాను. గోడ తెలుపు వేరు, నేను కొన్న తెలుపు వేరు. సాయంత్రం ఎండ పక్కనుంచి పడితే దోసె పెనమంత మచ్చ కనబడేది.

2019లో ఇల్లు ఖాళీ చేసేటప్పుడు యజమాని టార్చిలైటు గోడకు ఆనించి వెలుగు అడ్డంగా పడేట్టు పట్టుకుని ఒక్కొక్క రంధ్రం లెక్కపెట్టాడు. మాకంటే ముందున్నవాళ్లు కొట్టినవి కూడా మా ఖాతాలోనే వేశాడు. గోడంతా పనివాళ్లతో తిరిగి పూయించాలి కాబట్టి మా డిపాజిట్‌లో 640 యూరోలు పట్టుకుంటానని ఉత్తరం రాశాడు. మమ్మల్ని కాపాడినవి రెండే. ఇంట్లో దిగినరోజు నా భార్య ప్రతి గోడకూ తీసి పెట్టిన ఫోటోలు ఒకటి. తాళాలు అందుకునేటప్పుడు ఇద్దరం సంతకం చేసిన కాగితంలో 'హాలు గోడమీద పాత రంధ్రాలు' అన్న ఒక్క ముక్క రెండోది. అవి పట్టుకుని అద్దెదారుల సంఘంలో సభ్యత్వం తీసుకున్నాను. ఉత్తరాలు వాళ్లే రాసిపెట్టారు. అయిదు నెలలు తిరిగాక 480 యూరోలు వెనక్కి వచ్చాయి. మిగిలిన 160 నేను చేసిన గుంటకు సరిపోతుందని వదిలేశాను.

మామూలు వాడకానికి కావలసినన్ని రంధ్రాలు కొట్టుకునే హక్కు ఇక్కడ అద్దెదారుకు ఉంది, కోర్టులు కూడా ఆ మాటే చెప్పాయి. ఎన్నయితే మామూలు అన్నది మాత్రం చట్టంలో అంకె వేసి లేదు, తగవంతా అక్కడే పుడుతుంది. తప్పక కొట్టవలసి వస్తే స్విచ్చికీ ప్లగ్గుకీ నిట్టనిలువుగా పైనా కిందా డ్రిల్లు పెట్టకండి. కరెంటు వైర్లు సాధారణంగా ఆ వరసలోనే పోతాయి. ఆదివారం అసలే వద్దు. హాఫ్ట్‌ఫ్లిష్ట్ బీమా, అంటే మనవల్ల ఇతరులకు జరిగే నష్టాన్ని భరించే బీమా, లేకపోతే ఈ నెలలోనే తీసుకోండి, అద్దె ఇంటికి జరిగే నష్టం అందులో ఉందో లేదో చూసుకుని మరీ తీసుకోండి. నన్నడిగితే గోడ జోలికే వెళ్లవద్దు. నేలమీద నిలబడే స్టాండు మంచిది.

హాంబర్గ్:

ఇందరు ఇన్ని చెప్పారు కానీ ఆయన అడిగింది బొమ్మ గురించి. నేను ఎనిమిదేళ్లుగా ప్రొజెక్టర్ వాడుతున్నాను. సంక్రాంతికి మా హాల్లో దుప్పట్లు పరుచుకుని పద్నాలుగు మంది కూర్చుంటారు, పాట రాగానే పిల్లలు తెర ముందు నిలబడి ఆడతారు. ఆ సందడి ఏ టీవీతోనూ రాదు.

గోడమీద మాత్రం వేయకండి. ఇక్కడి అద్దె ఇళ్లలో చాలా గోడలకు రౌఫాజర్ అంటించి రంగు వేస్తారు. చెక్కపొట్టు కలిపిన గరుకు కాగితం అది. దానిమీద బొమ్మ వేస్తే మనిషి ముఖం నిండా రవ్వ చల్లినట్టు ఉంటుంది. నేలమీద పెట్టి పైకి లాగే తెర దొరుకుతుంది, ఒక్క మేకు కూడా కొట్టనక్కరలేదు. మీ గదికి 120 అంగుళాలు ఎక్కువ. ఆ బొమ్మ వెడల్పే 2.66 మీటర్లు, 2.7 మీటర్ల దూరంలో కూర్చుంటే సినిమా హాల్లో మొదటి వరసలో కూర్చున్నట్టే. 100 అంగుళాలు చాలు. ప్రొజెక్టర్ వివరాల్లో త్రో నిష్పత్తి అని ఉంటుంది, దాన్ని బొమ్మ వెడల్పుతో గుణిస్తే ఎంత దూరంలో పెట్టాలో తెలుస్తుంది. నిష్పత్తి 1.2 అయితే 100 అంగుళాల బొమ్మకు 2.65 మీటర్లు. సోఫా వెనక అలమరమీద, తెరకు సూటిగా పెట్టండి. పక్కన పెట్టి, వంకర బొమ్మను సరిచేసే కీస్టోన్ సెట్టింగ్‌తో సాగదీస్తే పదును పోతుంది. వెలుగును ల్యూమెన్లలో కొలుస్తారు. చవకరకం పెట్టెమీద వేలల్లో రాసే ల్యూమెన్లను నమ్మకండి, ప్రామాణిక పద్ధతిలో కొలిచిన ఆన్సీ ల్యూమెన్లు ఎన్నో చూడండి. 4కె సపోర్ట్ అని రాసి ఉంటే 4కె సినిమాను తీసుకుంటుందని అర్థం, 4కెలో చూపిస్తుందని కాదు.

ఇక్కడ డిసెంబరులో సాయంత్రం నాలుగు దాటితే చీకటి. ప్రొజెక్టర్‌కు అంతకంటే ఏం కావాలి?

డ్యూసెల్డార్ఫ్:

హాంబర్గ్ గారు డిసెంబరు గురించి చెప్పారు, జూన్ వదిలేశారు. జూన్ నెలాఖరున మ్యూనిక్‌లో సూర్యుడు అస్తమించేది రాత్రి తొమ్మిదింబావు దాటాక, హాంబర్గ్‌లో పదికి కాస్త ముందు. గది నిజంగా చీకటయ్యేసరికి పదవుతుంది. పదికి నిశ్శబ్ద వేళ మొదలై పొద్దున ఆరు దాకా ఉంటుంది. బొమ్మ కనబడే వేళకు పాట వినబడకూడదు! పెద్దవాళ్లు వచ్చేది సరిగ్గా ఆ నెలల్లోనే. ఆ పెద్దాయన పొద్దున ఏడింటికి వార్తలు ప్రొజెక్టర్‌లో ఎలా చూస్తారు?

టీవీయే తీసుకోండి. 2.7 మీటర్లకు 65 అయినా 75 అయినా సరిపోతుంది. 65 వెడల్పు 1.44 మీటర్లు, 75 వెడల్పు 1.66. ఓలెడ్ అంటే ప్రతి చుక్కా తనంతట తానే వెలిగే తెర, దాని నలుపు అందంగా ఉంటుంది, కానీ మీ ఇంట్లో వార్తలు రోజూ గంటల తరబడి నడుస్తాయి. మన వార్తా చానళ్లలో మూలన ఒకే లోగో, కింద ఒకే రంగు పట్టీ కదలకుండా ఉంటాయి. ఓలెడ్ తెరమీద అలాంటివి ఏళ్లు గడిస్తే మరకగా నిలిచిపోయే ప్రమాదం ఉంది. తెర వెనక చిన్న చిన్న దీపాలు వెలిగే మినీ ఎల్‌ఈడీ తీసుకోండి, పడమటి ఎండకు ఎదురుగా కూడా నిలుస్తుంది. కరెంటు లేబుల్‌మీద వెయ్యి గంటలకు ఎన్ని యూనిట్లో రెండు అంకెలు ఉంటాయి, మామూలు బొమ్మకు ఒకటి, వెలుగునీడల తేడా ఎక్కువగా చూపే హెచ్‌డీఆర్ బొమ్మకు ఒకటి. రెండోది చూడండి. 150 వాట్ల టీవీ రోజుకు నాలుగు గంటలు నడిస్తే ఏడాదికి 219 యూనిట్లు. యూనిట్ 35 సెంట్లు అనుకుంటే 75 యూరోల పైమాటే. ఇంటికి తేగానే బొమ్మ కదలికను నునుపు చేసే సెట్టింగ్ ఆపేయండి, అది ఉంటే సినిమా కూడా సీరియల్‌లా కనబడుతుంది.

ఇంకొకటి, డెలివరీ ఎక్కడిదాకానో చదివి ఆర్డర్ పెట్టండి. మాది వీధి అంచుదాకానే అని చిన్న అక్షరాల్లో ఉంది, నేను చూడలేదు. వానలో కాలిబాటమీద పెట్టె నిలబెట్టి సంతకం తీసుకుని వెళ్లిపోయారు. లిఫ్టులో పట్టలేదు. నేనూ మా ఆవిడా నాలుగు అంతస్తులు మోశాం, ప్రతి మలుపులోనూ పెట్టెను నిలువుగా ఎత్తి తిప్పుతూ.

హాంబర్గ్:

కిటికీలకు బయట దించే రోలాడెన్ షట్టర్లు ఉన్నాయో లేదో ముందు అడగవలసింది. అవి ఉంటే జూన్ మధ్యాహ్నం కూడా గది చీకటే.

డ్యూసెల్డార్ఫ్:

మా ఇంటికీ ఉన్నాయి. జూలైలో కిటికీలు మూసి, షట్టర్లు దించి, ఏసీ లేని గదిలో ప్రొజెక్టర్ వేడిగాలి వదులుతూ ఉంటే పెద్దవాళ్లు ఎంతసేపు కూర్చోగలరు? మీ పద్నాలుగు మంది సంక్రాంతికి వస్తున్నారు, జూలైలో రావడం లేదు కదా.

స్టట్‌గార్ట్:

రుసుము విషయంలో ఫ్రాంక్‌ఫర్ట్ అమ్మాయి చెప్పిందే నిజం, మా అబ్బాయి కూడా అదే అన్నాడు. పాత సంగతి చెప్పి తప్పుదోవ పట్టించాను, మన్నించండి. అయితే రాత్రి పది దాటితే టీవీయే పెట్టకూడదన్నది మాత్రం గుర్తుంచుకోండి.

ఫ్రాంక్‌ఫర్ట్:

అన్నగారూ, అదీ అంత కఠినం కాదు. గది దాటి వినబడనంత శబ్దం ఏ వేళలోనైనా పెట్టుకోవచ్చు. పక్కవాళ్లను బాధించేది సబ్‌వూఫర్, అంటే దరువు వినిపించే స్పీకరు. మాటలు గోడ దాటవు, దరువు మాత్రం నేలలోంచి కింది అంతస్తుకు దిగుతుంది. మేము దాని కింద మందపాటి రబ్బరు పలక వేశాం. పది దాటితే సౌండ్‌బార్‌ను, అంటే టీవీ కింద పెట్టే పొడుగాటి స్పీకరును, రాత్రి మోడ్‌లో పెడతాం, మాటలు స్పష్టంగా వినబడతాయి, పేలుళ్లు తగ్గుతాయి. కింద ఉన్న పెద్దావిడ ఇప్పుడు మెట్లమీద కనబడితే పలకరిస్తున్నారు.

మ్యూనిక్, కొత్తగా వచ్చినవాణ్ణి:

అందరికీ కృతజ్ఞతలు. ఉత్తరం దొరికింది, పిజ్జా కరపత్రాల కింద ఉంది, రేపే నమోదు చేస్తాను. గోడ చేత్తో తడిమి చూశాను, రవ్వ రవ్వగానే ఉంది. అట్టపెట్టెలు చింపి 1.66 మీటర్ల ముక్క ఒకటి, 1.44 ముక్క ఒకటి గోడకు ఆనించి రెండు రోజులు చూశాం. పెద్దది బాల్కనీ తలుపు రెక్కకు అడ్డం వస్తోంది. 65 మినీ ఎల్‌ఈడీ తీసుకుంటాం, స్టాండుమీదే పెడతాం. ప్రొజెక్టర్ వచ్చే శీతాకాలానికి ఆలోచిస్తాను. టీవీ ఇప్పుడే కొనాలా, ఆగాలా?

డ్యూసెల్డార్ఫ్:

నవంబరు చివర తగ్గింపు ధరలుండే బ్లాక్ ఫ్రైడే ఎలాగూ అయిపోయింది. మార్చి, ఏప్రిల్ నెలల్లో కొత్త మోడళ్లు దిగుతుంటే నిరుటివి చవకవుతాయి. అమ్మానాన్నలు వచ్చేలోగా అందుతుంది. ఇంటర్నెట్‌లో కొంటే 14 రోజుల్లో తిప్పి పంపే హక్కు ఉంటుంది, అప్పటిదాకా పెట్టె పారేయకండి.

న్యూరెంబర్గ్:

స్టాండు కొనకండి. ఆ గొడవ తరవాత నేను కొన్నది కింద సెల్లారులో ఖాళీగా ఉంది, 65 అంగుళాల టీవీని నాలుగేళ్లు మోసింది. వచ్చే శనివారం కారులో మ్యూనిక్ వస్తున్నాను, తెచ్చి ఇస్తాను. నాలుగు స్క్రూలలో ఒకటి పోయింది. ఎం6 (6 మిల్లీమీటర్ల మందం) కావాలో ఎం8 కావాలో టీవీతో వచ్చే పుస్తకంలో ఉంటుంది, చూసి ఒకటి తెచ్చి పెట్టుకోండి.