పాత లైట్ స్పోర్ట్ విమానానికి ఇంకో విమానం రెక్కలు వేయొచ్చా?

ప్రశ్న (హన్మకొండ నుంచి)

అందరికీ నమస్కారం. మా బావ, నేను కలిసి పోయినేడాది ఒక పాత రెండు సీట్ల లైట్ స్పోర్ట్ విమానం కొన్నాం. అంతా అల్యూమినియం. రెక్క క్యాబిన్ పైన ఉండే రకం, ఒక్కో వైపు రెక్కను బాడీకి ఆనించే ఒక్కో స్ట్రట్ (ఏటవాలు కమ్మీ), ఇంజిన్ రోటాక్స్ 912. కాలేజీలో నేను ఎన్‌సీసీ ఎయిర్ వింగ్ క్యాడెట్‌ని, అప్పటి ఇష్టం ఇంకా పోలేదు. రెక్కలు విప్పించి డీసీఎంలో తెచ్చి, నర్సంపేట రోడ్డులో బావ వాళ్ల రైస్ మిల్లు గోదాములో పెట్టాం.

కింద పరుపులు వేశాం కానీ, తాడు కట్టిన చోట ఎడమ రెక్క ముందు అంచు నొక్కుకుపోయింది. టార్చి వేసి చూస్తే లోపల స్పార్ మీద కూడా చిటికెన వేలంత ముడత ఉంది.

అదే మోడల్ రెక్కల జత ఒకటి అమ్మకానికి ఉంది. ఇంజిన్ పాడై పక్కన పెట్టేసిన విమానానివట. ఎడమది ఒక్కటే తీసుకోవాలా, జత తీసుకోవాలా? బోల్టులు విప్పి బిగించడమే కదా అంటాడు బావ. నాకు మాత్రం టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు (కరీంనగర్ నుంచి)

తమ్ముడూ, ముందు అంచు సొట్ట వేరు, స్పార్ ముడత వేరు. సొట్ట ఒక్కటే అయితే మాన్యువల్‌లో రాసిన పద్ధతిలో ప్యాచ్ వేయొచ్చు. స్పార్ అంటే రెక్కకు వెన్నెముక, దాని మీద ముడత పడితే తయారీదారు చెప్పేదాకా ఎవరూ ముట్టుకోవద్దు. కార్ల డెంటింగ్ చేసేవాళ్లకు అస్సలు చూపించకు. సాపు చేసి ఇస్తారు, కంటికి బాగుంటుంది, బలం మాత్రం తిరిగి రాదు. పక్కన స్కేలు పెట్టి ఫోటోలు తీసి తయారీదారుకు పంపు.

జవాబు (కాజీపేట నుంచి)

పైన చెప్పింది అక్షరాలా నిజం. చిన్న విమానాల మెయింటెనెన్స్‌లో చాలా ఏళ్లు పనిచేశాను కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

డబ్బులు ఇచ్చే ముందు కాగితాలు చూడాలి. ఆ రెక్కలు ఏ విమానానివో దాని లాగ్‌బుక్ మొత్తం అడగండి: ఎన్ని గంటలు ఎగిరింది, ఎప్పుడైనా గట్టిగా దిగిందా, రెక్క ఎక్కడైనా తగిలిందా. తర్వాత రెండు విమానాల సీరియల్ నంబర్లు రాసి, ఆ రెక్కలు మీ విమానానికి సరిపోతాయా అని తయారీదారు దగ్గర రాతపూర్వకంగా తీసుకోండి. ఫ్యాక్టరీలో తయారైన లైట్ స్పోర్ట్ విమానాల్లో మార్పులకు తయారీదారు ఒప్పుకోలే ఆధారం. ఆ ఉత్తరం, విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ అనుమతి లేకుండా రెక్క బిగిస్తే మీ విమానం గోదాములోనే ఉండిపోతుంది. పని మీ చేతులతో చేసినా, సంతకం చేయాల్సింది అధికారం ఉన్నవాళ్లే.

మోడల్ పేరు ఒకటైనంత మాత్రాన రెక్క ఒకటే అనుకోకండి. జెనిత్ సీహెచ్ 601 ఎక్స్ఎల్ సంగతి చూడండి. గాల్లోనే రెక్కలు విరిగిన ప్రమాదాలు వరసగా జరిగాక 2009 ఏప్రిల్‌లో అమెరికా ప్రమాద దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ హెచ్చరించింది. అదే ఏడాది నవంబర్‌లో స్పార్ బలపరచడం, ఐలరాన్లకు (రెక్క వెనక అంచున పైకీ కిందికీ కదిలే పలకలు) బ్యాలెన్స్ బరువులు పెట్టడం లాంటి మార్పులు వచ్చాయి. మార్పులకు ముందు రెక్క, తర్వాతి రెక్క పక్కపక్కన పెడితే పైకి ఒకేలా కనిపిస్తాయి. మీ మోడల్‌కు ఇలాంటి మార్పులు చెప్పే ఏ బులెటిన్లు వచ్చాయో, అమ్మే రెక్కల మీద అవి చేశారో లేదో చూడండి.

ఇక రెక్క లోపలికి చూడాలి. ఫోన్‌కు తగిలించే పాము కెమెరా కొనుక్కోండి, ఖరీదేం ఎక్కువ కాదు. తనిఖీ మూతలు విప్పి స్పార్ వెంట మెల్లగా పోనివ్వండి. రివెట్ చుట్టూ తెల్లటి పొడి ఉంటే అల్యూమినియం తుప్పు పడుతోందని అర్థం. రివెట్ తల నుంచి వెనక్కి, గాలి పోయే దిక్కుగా కాటుక గీసినట్టు నల్లటి చార ఉంటే ఆ రివెట్ వదులై లోపల రాసుకుంటోంది. బట్టతో తుడిస్తే చార పోతుంది, రోగం పోదు. అమ్మేవాళ్లు కడిగి పెట్టకముందే వెళ్లి చూడండి. స్ట్రట్ తగిలించే ఫిట్టింగ్ దగ్గర ఎక్కువసేపు ఆగండి, గాల్లో బరువులో చాలా భాగం అక్కడికే వస్తుంది.

బావ బోల్టుల మాట అన్నారు కదా, అసలు కష్టం బోల్టు రంధ్రాల్లో ఉంది. చాలా విమానాల్లో రెక్క రంధ్రాలు దాని సొంత బాడీకి జతచేసి తొలుస్తారు. వేరే రెక్క పెడితే వెంట్రుకవాసి తేడా రావచ్చు. అప్పుడు రాడ్డు పెట్టి లాగి బోల్టు దూర్చకండి, రీమర్‌తో రంధ్రం పెద్దది చేయకండి. ఆపేసి తయారీదారును అడగండి. పాత నట్లు, పిన్నులు మళ్లీ వాడొద్దు, ఎంత బలంగా బిగించాలో చెప్పే టార్క్ అంకె మాన్యువల్‌లోదే.

రెక్కలు నిలబెట్టాక కొలతలు. ముందు బాడీని అన్ని వైపులా లెవెల్‌లో పెట్టాలి. రెండు రెక్కల ఎత్తు పోల్చడానికి మన మేస్త్రీలు వాడే నీళ్ల పైపు చాలు, లోపల గాలి బుడగ లేకుండా చూసుకోండి. తోక మధ్య నుంచి రెండు రెక్కల చివరలకు టేపు లాగితే ఒకే కొలత రావాలి. రెక్క కోణానికి మాత్రం డిజిటల్ లెవెల్ కావాలి, మూలంలో, చివర్లో రెండు చోట్లా చూడాలి. రెండు వైపులా తేడా ఉంటే విమానం ఎప్పుడూ ఒక పక్కకే ఒరుగుతుంది. ఒక్క రెక్క మార్చినా రెండింటినీ కొలవాలి. కాగితాలు, కొలతలు బాగుంటే ఒక్కటి మార్చడంలో తప్పేమీ లేదు.

మన దగ్గర ఎండ వల్ల ఇంకో మాట. ఐలరాన్ కేబుళ్లు స్టీలు, బాడీ అల్యూమినియం. వేడికి అల్యూమినియం స్టీలు కంటే దాదాపు రెట్టింపు సాగుతుంది. మే నెల మధ్యాహ్నం రేకుల షెడ్డులో సరిగ్గా బిగించిన కేబుల్, డిసెంబర్ తెల్లవారుజామున వదులవుతుంది. కేబుల్ వదులైతే ఐలరాన్ కొట్టుకునే ప్రమాదం ఉంది, ఎన్‌టీఎస్‌బీ హెచ్చరికలోనూ కేబుల్ బిగువు ప్రస్తావన ఉంది. బిగించేటప్పుడు ఉష్ణోగ్రత చూసి, మాన్యువల్ పట్టీ ప్రకారం సరిచేయండి.

తర్వాత విమానాన్ని మళ్లీ తూచాలి, లాగ్‌బుక్‌లో రాయాలి. కంట్రోల్స్‌ను మీరు కాకుండా ఇంకొకరు వేరుగా చూడాలి. స్టిక్ పట్టుకుని బొటనవేలు పైకి నిలబెట్టండి. స్టిక్ ఎటు వంచితే బొటనవేలు అటువైపు ఐలరాన్‌నే చూపిస్తుంది, అది పైకి లేవాలి. కేబుళ్లు తారుమారై ఐలరాన్ ఉల్టా తిరిగితే నేల వదిలిన క్షణంలోనే ప్రాణం మీదికి వస్తుంది.

ప్రశ్న అడిగినవారు (హన్మకొండ నుంచి)

అన్నా, చాలా థాంక్స్. నిన్న బావ, నేను వెళ్లి కెమెరాతో చూశాం. కుడి రెక్క శుభ్రంగా ఉంది. ఎడమదాంట్లో స్ట్రట్ ఫిట్టింగ్ పక్కన వరసగా నాలుగు రివెట్లకు మీరు చెప్పిన నల్ల చార ఉంది. రెక్కలోని పెట్రోల్ ట్యాంకులో లేత రంగు పొర పొట్టులాగా లేస్తోంది. లాగ్‌బుక్ దొరకడం లేదంటున్నారు. మామునూరు విమానాశ్రయంలో ఎగరడం మొదలయ్యేలోపు మాది సిద్ధం చేయాలని ఆశ.

జవాబు (కాజీపేట నుంచి)

ఆ జత వదిలేయండి తమ్ముడూ. లాగ్‌బుక్ లేదు, మీకు కావాల్సిన వైపే రివెట్లు వదులయ్యాయి. ట్యాంకు పొర పాత సీలెంట్, ఇథనాల్ తగిలితే అలాగే లేచి ఫిల్టర్‌లో పడుతుంది. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ పెట్రోల్, రోటాక్స్ 912కు ఒప్పుకున్నది 10 శాతం వరకే. మీ ట్యాంకుల్లోనూ ఒకసారి చూసుకోండి. మీ ఎడమ రెక్కకు కొత్త స్పార్, స్కిన్ (పై రేకు) ధర ఎంతో తయారీదారును అడగండి.

మామునూరు గురించి నాకూ మీ అంత ఆశే. 2025 ఫిబ్రవరిలో కేంద్రం అనుమతి ఇచ్చిన రోజు మా ఇంట్లో స్వీట్లు పంచాను. కానీ దానికోసం తొందరపడకండి.

ఈలోపు ఒక పని ఈ వారమే చేయండి. రైస్ మిల్లు గోదాము అంటే ఎలుకలు ఉంటాయి. రెక్కలో గూడు పెడితే వాటి మూత్రం అల్యూమినియాన్ని తినేస్తుంది, బయటికి తెలియదు. రంధ్రాలన్నిటికీ సన్నటి జాలీ కట్టండి. రెక్కల్ని నేల మీద పడుకోబెట్టకుండా, మెత్తటి పట్టీ ఉన్న చెక్క స్టాండు మీద ముందు అంచు కిందికి వచ్చేలా నిలబెట్టండి. ఎడమదానికి దెబ్బ తగిలిన చోటు వదిలేసి, బాగున్న రిబ్‌ల (రెక్కకు ఆకారమిచ్చే అడ్డ పలకలు) కిందే ఆసరా ఇవ్వండి.